యంత్రం చదవని మాటలు



గుమ్మిడిపూండి, తిరుత్తణి వైపు ఉన్నవారికీ, అటు సత్యవేడు, నగరి, పుత్తూరు వైపు ఉన్నవారికీ, అంటే సరిహద్దుకు ఈ పక్కనా ఆ పక్కనా ఉండే మనందరికీ ఒక అలవాటు బాగా తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివే పిల్లవాడు వాచకం తెరిచి, తెలియని మాట పైన పెన్సిలుతో సన్నగా తెలుగు అర్థం రాసుకుంటాడు. ఆ పెన్సిలు రాతకు పరీక్షలో మార్కులు లేవు. అచ్చయిన పాఠంలో దానికి చోటు లేదు. అయినా ఆ పిల్లవాడు పాఠం గట్టెక్కేది ఆ రాత పట్టుకునే. ఇరవై ఏళ్లుగా రెండు భాషల్లో పాఠం చెబుతున్న నేను, ఏ పిల్లవాడి పుస్తకంలోనూ ఆ పెన్సిలు రాతను చెరిపించలేదు.

కంప్యూటరు కోసం రాసే భాషల్లో కూడా ఇలాంటి రాత ఒకటి ఉంది. దాన్ని కామెంటు అంటారు. మనం వ్యాఖ్య అని పిలుచుకుందాం. జావాస్క్రిప్ట్ అనే భాషలో వ్యాఖ్యలు ఎలా రాస్తారు, ఆ పద్ధతి ఎక్కడెక్కడి నుంచి నడిచి వచ్చింది, దానికీ మన మద్రాసులో జరిగిన తెలుగు పనికీ పోలిక ఎక్కడ ఉంది అన్నది ఈ రోజు ప్రసంగంలో చెప్పాలనుకుంటున్నాను. కంప్యూటరు ముట్టుకోనివారు కూడా వినవచ్చు. ఇందులో యంత్రం కంటే మనుషుల సంగతే ఎక్కువ.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో, పిల్లల హాజరు లెక్క కట్టడానికి మా పూర్వ విద్యార్థి ఒకడు చిన్న ప్రోగ్రాము రాసి పెట్టాడు. జావాస్క్రిప్ట్‌లోనే రాశాడు. రిజిస్టరులోని అంకెలు నింపితే ఎవరికి నూటికి ఎంత హాజరు ఉందో, 75 కంటే ఎవరికి తగ్గిందో తెర మీద చూపించేది. రిజిస్టర్లు ముందేసుకుని పొద్దుపోయేదాకా కూడికలు చేసే మాకు అది పెద్ద సాయం. డిసెంబరు దాటాక ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. వేరే ఊరు వెళ్లిపోయాడు.

అతడు రాసిన దాంట్లో ఒక పంక్తి ఉంది. తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షను అయితే పనిదినాల్లోంచి 3 తీసివేయి, అని దాని అర్థం. ఎందుకు తీసివేయాలో ఎక్కడా రాసి లేదు. జనవరిలో ఆ ప్రోగ్రామును చక్కబెట్టే పని ఇంకొకరికి అప్పగించాం. ఆయన శ్రద్ధగల మనిషే. అన్ని తరగతులకూ ఒకే లెక్క ఉండగా ఈ ఒక్క సెక్షనుకు తేడా ఏమిటని అనుమానపడ్డారు. ఆ సెక్షనుకు క్లాసు టీచరును నేనే కాబట్టి నన్ను అడిగారు కూడా. నాకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పొరపాటై ఉంటుంది, తీసేయండి అన్నాను.

మార్చిలో జాబితా వచ్చింది. 200 పనిదినాలకు 148 రోజులు వచ్చిన ఒక అమ్మాయి పేరుకు ఎదురుగా 74 శాతం అని పడింది. హాజరు చాలలేదని ఇంటికి ఉత్తరం వెళ్లింది. ఆ పిల్ల రోజూ గుమ్మిడిపూండి వైపు నుంచి ఎలక్ట్రిక్ రైల్లో వచ్చేది. తండ్రి కూలి పని చేసేవాడు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చి, ఆఫీసు గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “కామెర్లు వచ్చి మానింది నిజమే టీచర్. తగ్గిన మర్నాటి నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. ఎట్లా తగ్గిందో మాకు తెలియడం లేదు” అన్నాడు. మాకూ తెలియలేదు. ఆ 3 సంగతి చివర్లో చెబుతాను. ఇప్పుడు వ్యాఖ్య అంటే ఏమిటో చూద్దాం.

మీరు రైలు టిక్కెట్టు కోసం కంప్యూటరులోనో ఫోనులోనో వివరాలు నింపేటప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేస్తే, ఇది నింపలేదు అని వెంటనే ఎర్ర అక్షరాలతో గుర్తు చేస్తుంది కదా. అలాంటి పనులు చాలావరకు జావాస్క్రిప్ట్‌తోనే చేయిస్తారు. ఆ భాషలో రాసిన ప్రతి పంక్తీ యంత్రానికి ఒక ఆజ్ఞ. అయితే ఒక పంక్తిలో వరసగా రెండు వాలుగీతలు పెడితే, అక్కడి నుంచి ఆ పంక్తి చివరిదాకా ఉన్నది యంత్రం పట్టించుకోదు. నాలుగైదు పంక్తుల వ్యాఖ్య రాయాలంటే ఇంకో పద్ధతి ఉంది. వాలుగీత పెట్టి, దాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టి మొదలుపెట్టాలి. ముగించేటప్పుడు తిరగేసి, ముందు నక్షత్రం గుర్తు, తర్వాత వాలుగీత పెట్టాలి. మధ్యలో ఏమి రాసినా యంత్రం దాటుకుని వెళ్లిపోతుంది.

మరి యంత్రం చదవనిది ఎవరి కోసం? రేపు ఆ ప్రోగ్రామును తెరిచే మనిషి కోసం. ఆ మనిషి వేరొకరు కావచ్చు, ఆరు నెలల తర్వాత దాన్నే మళ్లీ తెరిచిన మనమే కావచ్చు.

మూలం ఒకరిది, దాని కింద మరొకరి మాట అన్న పద్ధతి మనకు కొత్తది కాదు. మన గ్రామ లెక్కల్లో షరా రాసే అలవాటు ఉండేది. ఎదురుగా ఉన్న అంకె అలా ఎందుకు ఉందో చెప్పడానికే ఆ షరా. మనం ఇప్పటికీ ‘షరా మామూలే’ అంటాం. ఇక కావ్యాల సంగతికి వస్తే, పద్యం కింద టీక, తాత్పర్యం ఉన్న పుస్తకం చదవని తెలుగువాడు అరుదు. ఈ విద్యలో మనకు మల్లినాథ సూరి కంటే పెద్ద పేరు లేదు. ఆయన 14, 15 శతాబ్దాల నాటివాడు. ఇంటిపేరు కోలాచలం. తెలంగాణలో మెదకు దగ్గరి కొల్చారం ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘసందేశానికి ఆయన రాసిన సంజీవని వ్యాఖ్యను పట్టుకునే దేశమంతటా విద్యార్థులు ఆ కావ్యాలు చదివారు.

ఆ వ్యాఖ్య మొదట్లో మల్లినాథుడు రెండు సంగతులు చెప్పుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని తిరిగి బ్రతికించడానికి తన వ్యాఖ్య పుట్టిందని మొదటిది. అందుకే సంజీవని అన్న పేరు. మూలంలో ఆధారం లేనిది ఒక్కటీ రాయనని, అవసరం లేనిది ఒక్కటీ చెప్పనని రెండోది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. కంప్యూటరు దగ్గర మళ్లీ అవసరపడతాయి.

ఇక మద్రాసు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించాడు. కడపలో, మచిలీపట్నంలో, మద్రాసులో ఎక్కడ పనిచేసినా ఆయన చుట్టూ పండితులు, లేఖకులు ఉండేవారు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, తప్పులు దిద్ది, శుద్ధప్రతి రాయించేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత మనుచరిత్ర, వసుచరిత్ర వంటి ప్రబంధాలకు వ్యాఖ్యలు రాయించాడు. జీతాలకు సొంత డబ్బు పెట్టి అప్పుల పాలయ్యాడు కూడా.

తెలుగువారే చదవలేక వదిలేస్తున్న కావ్యాలకు ఒక పరాయి దేశస్థుడు వ్యాఖ్యలు ఎందుకు రాయించాడు? భాష నేర్చుకుంటున్న తనకు ఎక్కడ కాలు జారుతోందో ఆయనకు తెలుసు. తన తర్వాత వచ్చేవాడికీ అక్కడే జారుతుందని తెలుసు. 1852లో వెలువడిన ఆయన తెలుగు నిఘంటువు కూడా ఈ ఆలోచనలోంచి పుట్టినదే. 1855లో ఆయన ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసులో నిలిచాయి. ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో వాటిని చూసి పరిశోధన చేసినవారు తరతరాలుగా ఉన్నారు. ఆ మద్రాసులోనే వావిళ్ల రామస్వామి శాస్త్రులు పెట్టిన ముద్రణాలయం, టీకా తాత్పర్యాలతో కూడిన పుస్తకాలను తెలుగు ఇళ్లకు చేర్చింది. మా తాతగారి పెట్టెలో భగవద్గీత పక్కన ఉండే పుస్తకాల మీద ఆ వావిళ్ల పేరు నాకు ఇప్పటికీ గుర్తు.

ఇంగ్లండులో ఇలాంటి పనే ఒక స్త్రీ యంత్రం విషయంలో చేసింది. చార్లెస్ బాబేజ్ అనే గణితవేత్త లెక్కలు కట్టే ఒక మహాయంత్రాన్ని ఊహించాడు. దాని గురించి మెనాబ్రియా అనే ఇటలీ దేశస్థుడు 1842లో ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. ఏడా లవ్‌లేస్ దాన్ని 1843లో ఇంగ్లీషులోకి అనువదించింది. అనువాదంతో ఆగకుండా కింద తన వివరణలు చేర్చింది. అవి ఏడు. మూలవ్యాసానికి సుమారు మూడింతలు అయ్యాయి. చివరి వివరణలో, బెర్నూలీ సంఖ్యలు అనే లెక్కను ఆ యంత్రం చేత అంచెలంచెలుగా ఎలా చేయించవచ్చో పట్టిక వేసి చూపింది. ప్రపంచంలో అచ్చయిన మొదటి ప్రోగ్రాము అదేనని చాలామంది అంటారు. ఆ యంత్రం పూర్తిగా తయారు కానేలేదు. వివరణ మాత్రం నిలిచింది. రెండు భాషల మధ్య బ్రతికే నాబోటి వారికి ఈ కథ ప్రత్యేకంగా నచ్చుతుంది. మొదటి ప్రోగ్రాము ఒక అనువాదకురాలి వ్యాఖ్యలో పుట్టింది.

నిజంగా పనిచేసే కంప్యూటర్లు వచ్చాక, 1957లో ఐబీఎం కంపెనీ ఫోర్ట్రాన్ అనే భాషను విడుదల చేసింది. అప్పట్లో ప్రోగ్రామును అట్టకార్డుల మీద చిల్లులు పొడిచి రాసేవారు. ఒక కార్డుకు ఒక పంక్తి. కార్డు మొదటి గడిలో ‘సి’ అన్న ఇంగ్లీషు అక్షరం ఉంటే, అది వ్యాఖ్య కార్డు అని యంత్రం పక్కన పెట్టేది. మన మద్రాసు ఐఐటీలో 1973లో ఐబీఎం 370 యంత్రం నెలకొన్నప్పుడు, అక్కడ చదివిన విద్యార్థులు కూడా అట్టకార్డుల కట్టలు చంకన పెట్టుకుని వరసలో నిలబడినవారే. కార్డు ఒక్కటి జారి వరస తప్పితే పని మళ్లీ మొదటికి వచ్చేది. అలాంటి కట్టలో వ్యాఖ్య కార్డులు దారి పక్కన మైలురాళ్ల లాంటివి.

ఆ తర్వాత వాలుగీత, నక్షత్రం గుర్తుల జంట 1960ల్లో ఐబీఎం వారి పీఎల్ వన్ అనే భాషలో కనిపించింది. రెండు వాలుగీతల పద్ధతి కేంబ్రిడ్జిలో మార్టిన్ రిచర్డ్స్ 1967లో రూపొందించిన బీసీపీఎల్ అనే భాషలోది. 1970ల మొదట్లో అమెరికాలో పుట్టిన సీ భాష నక్షత్రం గుర్తునే తీసుకుంది. 1980ల్లో సీ ప్లస్ ప్లస్ భాషను తయారుచేసిన స్ట్రౌస్‌ట్రప్, మరుగున పడిన రెండు వాలుగీతలను బీసీపీఎల్ నుంచి తిరిగి తెచ్చాడు. 1995లో వచ్చిన జావా రెండింటినీ ఉంచుకుంది. అదే 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే యువకుడు పది రోజుల్లో ఒక కొత్త భాష తొలి రూపు సిద్ధం చేశాడు. దానికి మొదట మోకా అని, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అని పేర్లు. డిసెంబరు నాటికి జావాస్క్రిప్ట్ అయింది. పైకి జావాలా కనిపించాలన్నది కంపెనీ కోరిక కాబట్టి, వ్యాఖ్య గుర్తులు రెండూ అలాగే వచ్చి చేరాయి. మన ఇళ్లలో అమ్మమ్మ వైపు నగ, నాయనమ్మ వైపు నగ ఒకే పిల్ల మెడలో చేరినట్టు.

జావాస్క్రిప్ట్ తొలి రోజుల్లో వ్యాఖ్య ఇంకో విచిత్రమైన పని చేసింది. పాత బ్రౌజర్లకు ఈ భాష తెలియదు. అందుకని ప్రోగ్రామును ఆజ్ఞగా తీసుకోకుండా, ఆ అక్షరాలన్నీ పేజీ మీద మామూలు మాటల్లాగా పరిచేసేవి. ఆ చిక్కు తప్పించుకోవడానికి, పేజీని రాసే హెచ్‌టీఎంఎల్ భాషలోని వ్యాఖ్య గుర్తుల మధ్య ప్రోగ్రామంతా దాచిపెట్టేవారు. పాత బ్రౌజరు దాన్ని వ్యాఖ్య అనుకుని వదిలేసేది. కొత్త బ్రౌజరు ఆ ముసుగు తీసి లోపలి పని చేసేది. ఆ పాత బ్రౌజర్లు ఎప్పుడో పోయాయి. అయినా ఆ ముసుగు గుర్తును ఇప్పటికీ వ్యాఖ్యగానే గుర్తించే నియమం జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఉంది. అవసరం తీరినా ఆచారం మిగలడం మన పెళ్లిళ్లలోనే అనుకునేవాణ్ణి, కంప్యూటర్లలోనూ ఉంది.

ఇక కావ్యానికి వ్యాఖ్య రాసినట్టే ఒక ప్రోగ్రాముకు వ్యాఖ్య రాసిన పండితుడి కథ చెప్పాలి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఆ పేరు మన చిత్తూరు జిల్లావారికి ఇంకో కారణం వల్ల తెలిసి ఉండాలి. కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టం పొంది, తర్వాత కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డిగారు పై చదువుకు మొదట వెళ్లింది అక్కడికే. అదే విశ్వవిద్యాలయంలో తర్వాతి కాలంలో జాన్ లయన్స్ అనే ఆచార్యుడు ఉండేవాడు. యూనిక్స్ అనే వ్యవస్థ లోపలి ప్రోగ్రామును విద్యార్థులకు బోధించడానికి ఆయన 1976లో రెండు పుస్తకాలు తయారుచేశాడు. ఒకదాంట్లో మూలం, రెండో దాంట్లో వ్యాఖ్య. మనవారి కావ్యమూ టీకా ఎలాగో అలాగే.

1979లో యూనిక్స్ కొత్త రూపం వచ్చినప్పుడు, దాని యజమాని కంపెనీ మూలాన్ని తరగతుల్లో బోధించడానికి వీల్లేదని షరతు పెట్టింది. లయన్స్ పుస్తకం అంగట్లో దొరకదు. అయినా విద్యార్థులు ఊరుకోలేదు. ఒకరి నుంచి ఒకరు తీసుకుని జిరాక్సు తీసుకున్నారు. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. తాటాకు ప్రతులు చేతులు మారినట్టే అదీ మారింది. 1996లో గాని ఆ పుస్తకం బహిరంగంగా అచ్చు కాలేదు. ఒక ప్రోగ్రాము కోసం కాక దాని వ్యాఖ్య కోసం మనుషులు అంత పాటుపడ్డారు.

ఆ యూనిక్స్ మూలంలోనే ఒక ప్రసిద్ధమైన వ్యాఖ్య ఉంది. ఒక కఠినమైన చోట, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదు అన్న భావంతో రాసిన మాట. చదివినవారు గర్వం అనుకున్నారు. ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలో రాశామని, నిజానికి అక్కడ ఏం జరుగుతోందో తమకూ పూర్తిగా తెలియలేదని డెన్నిస్ రిచీ తర్వాత నిజాయితీగా ఒప్పుకున్నాడు. 1969లో మనిషిని చంద్రుడి మీద దించిన అపోలో 11 నౌక ప్రోగ్రాములో కూడా ఒక పంక్తి పక్కన, ఇది తాత్కాలికమేనని ఆశిస్తున్నానంటూ ఆశ అన్న మాటను మూడుసార్లు రాసుకున్నారు. ఆ తాత్కాలికం అలాగే చంద్రుడి దాకా వెళ్లివచ్చింది.

వ్యాఖ్యలు లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి 2000 సంవత్సరానికి ముందు తెలిసివచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే వాడారు. 99 తర్వాత వచ్చే 00ను యంత్రం 1900 అనుకునే ప్రమాదం వచ్చింది. రాసినవారిలో చాలామంది రిటైరయ్యారు, కొందరు లేనే లేరు. వారి పంక్తులను చదివి సరిదిద్దే పని మన దేశంలోని యువతీయువకులకు వచ్చింది. చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి ఎందరో తెలుగు పిల్లలు ఈ పని మీదే మొదటిసారి విమానం ఎక్కారు. వ్యాఖ్య ఉన్న చోట పని సాగింది, లేని చోట ఆ పంక్తి బ్రహ్మరాతే.

అయితే వ్యాఖ్యలు ఎన్ని రాస్తే అంత మంచిదా? ఇక్కడే మల్లినాథుడి మాటలు రెండూ గుర్తు తెచ్చుకోవాలి. అవసరం లేనిది చెప్పనన్నాడు. రెండింటినీ కూడు అన్న పంక్తి పక్కన, ఇక్కడ రెండింటినీ కూడుతున్నాం అని రాస్తే ఎవరికి ఉపయోగం? అది షరా మామూలే. ఏం చేస్తున్నామో పంక్తే చెబుతుంది. ఎందుకు చేస్తున్నామో పంక్తి చెప్పలేదు. వ్యాఖ్య రాయవలసింది ఆ ఎందుకు కోసం. మూలంలో లేనిది రాయననీ అన్నాడు. ప్రోగ్రాము మార్చి, వ్యాఖ్య మార్చకుండా వదిలేస్తే, మూలం ఒకటి చెబుతుంది, వ్యాఖ్య ఇంకొకటి చెబుతుంది. చదివేవాడు వ్యాఖ్యను నమ్మి మోసపోతాడు. ఆయన విషమన్నది దీన్నే. పంక్తిని దిద్దిన చేత్తోనే దాని పైనున్న వ్యాఖ్యనూ దిద్దాలి.

జావాస్క్రిప్ట్ నేర్చుకునే పిల్లలు వింటుంటే వారికి రెండు జాగ్రత్తలు చెబుతాను. నక్షత్రం గుర్తు వ్యాఖ్యలో మరో నక్షత్రం గుర్తు వ్యాఖ్యను ఇమడ్చకండి. మొదటి ముగింపు గుర్తు దగ్గరే యంత్రం వ్యాఖ్య అయిపోయిందనుకుంటుంది. మిగిలినది ఆజ్ఞగా చదవబోయి తప్పు పడుతుంది. రెండోది, పేజీలో పెట్టిన జావాస్క్రిప్ట్‌ను చదివేవాడు తన బ్రౌజరులో తెరిచి చూడవచ్చు. వ్యాఖ్యలను తీసేసి, కుదించి పంపే పద్ధతి ఉన్నా, అన్నిచోట్లా అలా జరగదు. కాబట్టి రహస్య సంకేతపదాలు, ఎవరి మీదైనా విసుగు వ్యాఖ్యలో రాయకండి. యంత్రం చదవదు, లోకం చదువుతుంది.

ఇప్పుడు మనకు సంబంధించిన ముఖ్యమైన మాట. జావాస్క్రిప్ట్‌కు 1997 జూన్‌లో ఎక్మా అనే సంస్థ మొదటి ప్రమాణం ప్రకటించింది. ప్రపంచ లిపులన్నిటినీ ఒక పట్టికలో చేర్చిన యూనికోడ్ అప్పటికే ఉంది. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగు లిపి ఉంది. ఆ 1997 ప్రమాణం ఏం చెప్పిందంటే, ఆజ్ఞలు, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, కొటేషను గుర్తుల మధ్య ఉన్న మాటల్లోనూ వ్యాఖ్యల్లోనూ ఏ లిపి అయినా ఉండవచ్చు. మనం పెట్టుకునే పేర్లకు ఇతర లిపులు వాడే వీలు 1999లో వచ్చింది. అంటే జావాస్క్రిప్ట్ ప్రమాణంలో తెలుగుకు మొదట చోటు దొరికినవాటిలో వ్యాఖ్య ఒకటి. మన పిల్లవాడి తమిళ వాచకంలో తెలుగుకు చోటు దొరికినట్టే.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు అటు వెళ్లలేదు. 1960లో తిరుత్తణి ఇటు చేరింది, మరికొన్ని ఊళ్లు అటు చేరాయి. గీత ఎక్కడ గీసినా, గీతకు రెండు పక్కలా రెండు భాషల ఇళ్లు మిగిలాయి. అలాంటి ఇంటి పిల్ల జావాస్క్రిప్ట్ నేర్చుకునేటప్పుడు, ఆజ్ఞ ఇంగ్లీషులో రాసినా, ఎందుకు రాశానన్నది తన మాటలో రాసుకోవచ్చు. కారణం సొంత భాషలో రాయగలిగినప్పుడే ఆ పిల్లకు నిజంగా అర్థమైందని నేను నమ్ముతాను. నాలుగు దేశాలవాళ్లు కలిసి చేసే పనిలో అందరికీ తెలిసిన భాషలోనే రాయాలి, అది మర్యాద. నేర్చుకునేటప్పుడు, మన ఊరి పనికి రాసుకునేటప్పుడు తెలుగుకు అడ్డమేమీ లేదు.

ఇక ఆ 3 సంగతి. ఆ తండ్రి మాట్లాడుతుండగా, తరగతి గదులు ఊడ్చే ఆయా వరండాలో నిలబడి విన్నది. “అదేంది టీచర్, వానలప్పుడు ఆ గదిలో మోకాళ్ల దాకా నీళ్లు నిలవలేదా? మిగతా క్లాసులు జరుగుతుంటే ఆ పిల్లల్ని మూడు రోజులు ఇంటికి పంపేశారు గదా” అంది. అప్పుడు నాకు గది, తడిసిన బల్లలు, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. ఆ సెక్షనుకు జరిగిన పనిదినాలు 197. అందులో 148 అంటే 75 శాతం దాటింది. ఆ కుర్రవాడి లెక్క సరైనదే. చదువుకున్న మేమంతా కలిసి సరైన పంక్తిని చెరిపేశాం. చదువురాని ఆయా నోటితో వ్యాఖ్య చెప్పి ఆ పిల్లను కాపాడింది.

ఆ సాయంత్రమే ఆ పంక్తిని తిరిగి పెట్టించాం. దాని పైన రెండు వాలుగీతలు పెట్టి తెలుగులో ఇలా రాయించాను: ‘వాన నీళ్లు గదిలోకి వచ్చి ఈ సెక్షనుకు 3 రోజులు బడి జరగలేదు. ఈ ఏడాదికి మాత్రమే. జూన్‌లో ఈ పంక్తి తీసేయాలి.’ నా తర్వాత వచ్చేవారికి తెలుగు రాకపోవచ్చు కదా అని, దాని కిందనే అదే మాట తమిళంలోనూ రాయించాను. జూన్‌లో ఆ పంక్తినీ, దానితోపాటు రెండు వ్యాఖ్యలనూ తీసేశారు. ఈసారి ఎవరూ ఎవరినీ అడగవలసిన అవసరం రాలేదు.

అమ్మాయి పరీక్ష రాసింది, పాసయింది. ఆ తండ్రికి పోయిన ఒక రోజు కూలి మాత్రం మేము తిరిగి ఇవ్వలేకపోయాం. మీరు రిజిస్టరులో అంకె దిద్దినా, పొలం లెక్కలో ఒక మొత్తం కొట్టివేసినా, కంప్యూటరులో ఒక పంక్తి రాసినా, పక్కన ఒక్క ముక్క కారణం రాసి పెట్టండి. దాన్ని చదవవలసినవాడు ఇంకా గుమ్మంలోకి రాలేదు. వచ్చేనాటికి మీరు అక్కడ ఉండకపోవచ్చు.